అప్‌డేట్ తర్వాత కంప్యూటర్ తనంతట తానే లాగౌట్ అవుతుంటే: కారణం పట్టుకొని సరిచేసే క్రమం

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల్లో ఉంటూ ఇంటి నుంచే పనిచేసే తెలుగువారు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది: విండోస్ అప్‌డేట్ పూర్తయిన మర్నాటి నుంచి, పని మధ్యలో లేచి కాఫీ కలుపుకొని వచ్చేలోపు లాగిన్ తెర కనిపిస్తోంది, దీనికేమిటి మార్గం? చాలామంది వెంటనే అప్‌డేట్‌ను తీసేస్తారు, లేదా సిస్టమ్ మొత్తం ఫార్మాట్ చేస్తారు. ఆ రెండూ అవసరమయ్యే సందర్భాలు తక్కువ. లాగిన్ తెర కనిపించడం వెనక కనీసం ఐదు వేర్వేరు సంగతులు ఉండవచ్చు, ఒకదానికి చేసే వైద్యం మరొకదానికి పనికిరాదు. అందుచేత ఈ మార్గదర్శిలో ఎక్కువ శ్రద్ధ నిర్ధారణ మీదే పెట్టాను. ప్రధానంగా విండోస్ 11 గురించి రాశాను. మాక్, ఉబుంటు వాడేవారికి చివర్లో విడిగా కొంత ఉంది.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ల్యాప్‌టాప్ మీ సొంతమా, కంపెనీ ఇచ్చినదా అన్నది మొదట తేల్చుకోండి. కంపెనీదైతే రెండో భాగం వరకు మాత్రమే మీరు చేయండి, ఆపై నేరుగా తొమ్మిదో భాగానికి వెళ్లండి. కంపెనీ యంత్రంలో డ్రైవర్లు మార్చడం, అప్‌డేట్లు తీసేయడం మీ పని కాదు, చాలాచోట్ల అనుమతి కూడా ఉండదు.

సొంత యంత్రమైతే ఏ సెట్టింగూ ముట్టుకోకముందే ఈ కిందివి చేతిలో ఉండాలి.

• ముఖ్యమైన ఫైళ్ల నకలు బయటి డిస్క్‌లోనో, క్లౌడ్‌లోనో.
• బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ. ఇది 48 అంకెల సంఖ్య. విండోస్ హోమ్ ఎడిషన్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో డిస్క్ తాళం వేసి ఉండవచ్చు. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి ఫోన్ నుంచి వెళ్లి, కీ అక్కడ ఉందో లేదో కళ్లారా చూసి, కాగితం మీద రాసుకోండి.
• ఖాతా పాస్‌వర్డ్. రోజూ పిన్‌తోనో వేలిముద్రతోనో లోపలికి వెళ్లేవారికి అసలు పాస్‌వర్డ్ గుర్తుండదు. సేఫ్ మోడ్‌లో (కనీస ప్రోగ్రాములతో మాత్రమే విండోస్ తెరిచే పద్ధతి) అదే అడిగే అవకాశం ఉంది.
• ఒక నోటు పుస్తకం. లాగిన్ తెర కనిపించిన ప్రతిసారీ గడియారం సమయం, అప్పుడు మీరేం చేస్తున్నారు, చార్జర్ పెట్టి ఉందా, ఫోన్ ఎక్కడుంది అన్నవి రాయండి.

ఈ చివరిదాన్ని చిన్నచూపు చూడవద్దు. నిమిషంతో సహా రాసుకున్న సమయం లేకపోతే, తర్వాత లాగ్‌లో (జరిగిన ప్రతిదాన్నీ విండోస్ రాసుకునే చిట్టా) వెతకడం గుడ్డిగా సాగుతుంది.

2. జరిగినది లాగౌటేనా?

తెర మీద కనిపించేది ఒకటే అయినా, లోపల జరిగినవి వేరు. లాక్ అయితే తెరిచిన ప్రోగ్రాములన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. నిజమైన లాగౌట్‌లో మీ ఖాతాలోని ప్రోగ్రాములన్నీ మూతపడతాయి, కాని యంత్రం ఆగదు. రీస్టార్ట్‌లో యంత్రమే ఆగి మళ్లీ మొదలవుతుంది. నాలుగోది, తాత్కాలిక ప్రొఫైల్: లోపలికి వెళితే డెస్క్‌టాప్ కొత్తగా, ఖాళీగా ఉంటుంది. ఐదోది, విండోస్ చక్కగానే ఉండి బ్రౌజర్, మెయిల్, ఆఫీస్ యాప్‌లు మాత్రమే మళ్లీ పాస్‌వర్డ్ అడగడం.

కంటితో చూసి తేల్చడంలో ఒక చిక్కుంది. అప్‌డేట్ కోసం రీస్టార్ట్ అయ్యాక విండోస్ మీ తరఫున తానే సైన్ ఇన్ చేసి, తెరను లాక్ చేసి ఉంచగలదు. సైన్ ఇన్ ఆప్షన్లలో రీస్టార్ట్ తర్వాత యాప్‌లను తిరిగి తెరిచే సెట్టింగ్ కూడా ఉంటే, వచ్చి చూసేసరికి యాప్‌లు తెరిచే ఉంటాయి, అది కేవలం లాక్ అని భ్రమపడతాం. కాబట్టి లాగ్ చూడక తప్పదు.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ఈవెంట్ వ్యూయర్ తెరవండి. ఎడమవైపు విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్ ఎంచుకోండి. కుడివైపు ఫిల్టర్ కరెంట్ లాగ్ నొక్కి, ఈవెంట్ ఐడీల పెట్టెలో ఈ సంఖ్యలను కామాలతో వేరుచేసి టైప్ చేయండి: 41, 42, 506, 507, 1074, 6006, 6008, 7001, 7002. ఇప్పుడు మీ నోటు పుస్తకంలోని సమయం దగ్గర ఏమున్నదో చూడండి.

• విన్‌లాగాన్ (లాగిన్, లాగౌట్‌లు చూసుకునే విండోస్ భాగం) పేరుతో 7002 ఉండి, దాని పక్కన 1074 గాని 6006 గాని లేకపోతే అది నిజమైన లాగౌట్. నాలుగో భాగం చూడండి. 7001 అంటే తిరిగి లాగిన్ అయిన క్షణం.
• 1074 ఉంటే ఏదో ఒక ప్రోగ్రాం పద్ధతి ప్రకారం రీస్టార్ట్ అడిగింది. ఆ ప్రోగ్రాం పేరు ఆ ఎంట్రీలోనే ఉంటుంది. ఐదో భాగం చూడండి.
• 41, 6008 కనిపిస్తే యంత్రం ఉన్నపళంగా ఆగిపోయింది. 41 మీద ఉన్న సమయం తిరిగి లేచిన సమయం, ఆగిపోయిన సమయం కాదు. 6008 తెరిచి చదివితే ఆగిన సమయం వాక్యంలో ఉంటుంది. దీనికీ ఐదో భాగమే.
• 42 ఉంటే స్లీప్‌లోకి వెళ్లింది. మోడర్న్ స్టాండ్‌బై (తెర ఆగినా యంత్రం తక్కువ శక్తితో మెలకువగా ఉండే స్లీప్) ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లలో దాని బదులు 506, లేచినప్పుడు 507 ఉంటాయి.
• ఆ సమయంలో ఇవేవీ లేకపోతే అది లాక్ మాత్రమే. స్లీప్‌కూ లాక్‌కూ మూడో భాగం.

టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ దగ్గర అప్ టైమ్ చూసి కూడా రీస్టార్ట్ జరిగిందో లేదో తెలుసుకోవచ్చు. అయితే ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ అయ్యేందుకు సిస్టమ్ స్థితిని డిస్క్‌లో దాచే సదుపాయం) పనిచేస్తుంటే, షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేసినా ఆ లెక్క సున్నాకు రాదు. రీస్టార్ట్ చేస్తేనే వస్తుంది. వారం రోజుల అప్ టైమ్ చూసి కంగారు పడనక్కరలేదు.

3. లాక్ లేదా స్లీప్ అయితే

ఫిర్యాదుల్లో ఎక్కువ ఇక్కడే తేలుతాయి. కారణాలను ఈ వరుసలోనే చూడండి, ఎందుకంటే మొదటివి తేలికైనవి, ఎక్కువగా తగిలేవి.

డైనమిక్ లాక్. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, సైన్ ఇన్ ఆప్షన్స్ కింద ఉంటుంది. ఇది ఆన్‌లో ఉంటే, బ్లూటూత్‌తో జతపడిన ఫోన్ దూరమైన సుమారు 30 సెకన్లకు విండోస్ లాక్ అవుతుంది. ఫోన్‌ను హాల్లో చార్జింగ్ పెట్టి మీరు లోపలి గదిలో పనిచేస్తుంటే, మధ్యలో రెండు గోడలు వచ్చి సిగ్నల్ తగ్గుతుంది. మీరు కీబోర్డు మీద టైప్ చేయడం ఆపిన కాసేపటికి తెర మూసుకుపోతుంది. నోటు పుస్తకంలో ఫోన్ ఎక్కడుందో రాయమన్నది ఇందుకే. టిక్ తీసేసి ఒక పూట గమనించండి.

ప్రెజెన్స్ సెన్సింగ్. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో మనిషి ఎదుట ఉన్నాడో లేడో పసిగట్టే సెన్సర్ ఉంటుంది. మీరు పక్కనున్న రెండో మానిటర్ వైపు తిరిగి కూర్చుంటే, లేచి వెళ్లారని అది అనుకోవచ్చు. విండోస్ సెట్టింగ్స్‌లోనే కాక, ల్యాప్‌టాప్ తయారీదారు ఇచ్చిన యాప్‌లోనూ దీని స్విచ్ ఉండవచ్చు. రెండు చోట్లా చూడాలి.

పవర్ సమయాలు. సిస్టమ్, పవర్ కింద తెర ఆగే సమయం, స్లీప్ సమయం చూడండి. చార్జర్ ఉన్నప్పుడు ఒక లెక్క, బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు వేరొక లెక్క. కరెంటు పోయి బ్యాటరీ మీదకు మారగానే తక్కువ సమయం అమల్లోకి వచ్చి, అది మీకు అకస్మాత్తుగా లాక్ అయినట్టు తోస్తుంది.

స్క్రీన్ సేవర్. దీన్ని చాలామంది మరిచిపోయారు, విండోస్ మాత్రం మరిచిపోలేదు. స్టార్ట్ మెనూలో వెతికి తెరిచి, తిరిగి వచ్చినప్పుడు లాగాన్ తెర చూపమనే పెట్టెలో టిక్ ఉందేమో చూడండి. స్క్రీన్ సేవర్ ఏదీ ఎంచుకోకపోయినా ఆ పెట్టెను ఖాళీగా ఉంచడం మేలు.

ఆఫీసు ఖాతా. సొంత ల్యాప్‌టాప్‌లో ఆఫీసు మెయిల్ పెట్టుకునేటప్పుడు, ఈ పరికరాన్ని నిర్వహించే అనుమతి సంస్థకు ఇవ్వమంటూ ఒక పెట్టె వస్తుంది. తొందరలో సరే అంటే, ఇన్ని నిమిషాలు కదలిక లేకపోతే లాక్ చేయాలన్న కంపెనీ నియమం మీ సొంత యంత్రానికీ వర్తించవచ్చు. అకౌంట్స్ కింద యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్ తెరిచి, అక్కడ పాత కంపెనీ ఖాతా ఇంకా అంటిపెట్టుకొని ఉంటే తొలగించండి. ప్రస్తుత కంపెనీదైతే తొలగించే ముందు ఐటీ వారిని అడగండి. ఆ ఖాతాతో తెరిచిన ఫైళ్లు అందకుండా పోవచ్చు.

ప్రో ఎడిషన్ ఉన్నవారు లోకల్ సెక్యూరిటీ పాలసీలో, సెక్యూరిటీ ఆప్షన్స్ కింద, మెషీన్ ఇన్‌యాక్టివిటీ లిమిట్ అన్న విలువ కూడా చూడాలి. అది సెకన్లలో ఉంటుంది. సున్నా అయితే ఆ పరిమితి లేనట్టే.

4. నిజమైన లాగౌట్ అయితే

7002 ఒంటరిగా కనిపించినవారికి ఈ భాగం. ఇప్పుడు సిస్టమ్ లాగ్ నుంచి అప్లికేషన్ లాగ్‌కు వెళ్లి, అదే నిమిషానికి కాస్త ముందు 1000 అన్న సంఖ్యతో ఎర్రర్ ఉందేమో చూడండి. ఆ ఎంట్రీలో కూలిన ప్రోగ్రాం పేరు మొదటి వరుసలోనే ఉంటుంది. తెర మీది కిటికీలను గీసే డెస్క్‌టాప్ విండో మేనేజర్ పేరు అక్కడ పదే పదే కనిపించినా, సిస్టమ్ లాగ్‌లో డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానిందని చెప్పే 4101 కనిపించినా, అనుమానం గ్రాఫిక్స్ డ్రైవర్ మీదికి వెళ్లాలి. విండోస్ అప్‌డేట్‌తో పాటు డ్రైవర్లు కూడా మారుతుంటాయి కాబట్టి ఇది సహజమే.

డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరిచి, ప్రాపర్టీస్, డ్రైవర్ పుటలో తేదీ చూడండి. తేదీతో తృప్తి పడకుండా, అప్‌డేట్ హిస్టరీలో డ్రైవర్ అప్‌డేట్స్ కింద అది ఏ రోజు ఎక్కిందో కూడా సరిచూడండి. మీ ఇబ్బంది మొదలైన రోజు అదే అయితే రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి. ఆ బటన్ మసకగా ఉంటే పాత ప్రతి మిగల్లేదన్నమాట. అప్పుడు ల్యాప్‌టాప్ తయారీదారు వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబరుకు సరిపడే డ్రైవర్ దించుకోండి. డ్రైవర్లన్నీ తామే వెతికి పెడతామనే ఉచిత ప్రోగ్రాముల జోలికి పోవద్దు.

డ్రైవర్ జాడ కనిపించకపోతే మరో రెండు చూడాలి. టాస్క్ షెడ్యూలర్‌లో ఎవరో పెట్టిన లాగాఫ్ పని ఉండవచ్చు, ముఖ్యంగా పాతది కొన్న యంత్రమైతే. ఇద్దరు ముగ్గురు కలిసి వాడే కంప్యూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ఆన్‌లో ఉంటే, బయటి నుంచి ఒకరు లోపలికి వస్తే ఎదుట కూర్చున్నవారికి లాగిన్ తెర వస్తుంది, కాని వారి ప్రోగ్రాములు మూతపడవు, కాబట్టి అప్పుడు 7002 కనిపించకపోవచ్చు. సాధారణ విండోస్ ఒక్కసారికి ఒక్కరినే పనిచేయనిస్తుంది. మీరు ఆఫీసు నుంచి ఇంటి కంప్యూటర్‌లోకి వచ్చినప్పుడు ఇంట్లోవారికి లాగిన్ తెర కనిపిస్తే కారణం ఇదే.

5. రీస్టార్ట్ అయితే

1074లో విండోస్ అప్‌డేట్‌కు చెందిన ప్రోగ్రాం పేరు ఉంటే మరమ్మతు అక్కర్లేదు, సమయం సర్దితే చాలు. విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో యాక్టివ్ అవర్స్ మీరే నిర్ణయించండి. గరిష్ఠంగా 18 గంటలు పెట్టవచ్చు. అమెరికా సమయానికి పనిచేసేవారు ఇది తప్పక చూసుకోవాలి, ఎందుకంటే రాత్రి మీకు పనివేళ అన్నది విండోస్‌కు మీరు చెబితేనే తెలుస్తుంది.

41 ఉంటే దాన్ని తెరిచి డీటెయిల్స్ పుటలో బగ్‌చెక్ కోడ్ అన్న వరుస చదవండి. సున్నా కాకుండా వేరే సంఖ్య ఉంటే బ్లూ స్క్రీన్ (తీవ్ర లోపంతో విండోస్ ఆగినప్పుడు వచ్చే తెర) వచ్చిందని అర్థం. డ్రైవర్ల వైపు, మెమరీ వైపు వెతకాలి. సున్నా ఉంటే యంత్రం పూర్తిగా బిగుసుకుపోవడమో, పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టడమో, కరెంటు తెగడమో జరిగింది.

ఈ మూడోది బెంగళూరు ఇళ్లలో డెస్క్‌టాప్ వాడేవారు తప్పక ఆలోచించాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు గాలివానకు కరెంటు రెప్పపాటు పోయి వస్తుంది. ఇంటి ఇన్వర్టర్లలో చాలావాటికి వెనకవైపు చిన్న స్విచ్ ఉంటుంది: ఒకవైపు యూపీఎస్ మోడ్, మరోవైపు ఎకో లేదా నార్మల్ మోడ్. రెండోదానిలో బ్యాటరీకి మారడం నెమ్మది. ఫ్యాన్లూ లైట్లూ ఒక్కసారి మిణుకుమన్నట్టే ఉండి నడుస్తాయి గాని, డెస్క్‌టాప్ ఆ ఆలస్యాన్ని తట్టుకోలేక రీస్టార్ట్ అవుతుంది. స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌లోకి మార్చి చూడండి. విడిగా యూపీఎస్ ఉంటే, పని భద్రపరిచి, దాని గోడ స్విచ్ ఆపి యంత్రం నిలుస్తుందో లేదో పరీక్షించండి. వెంటనే పడిపోతే మొదట అనుమానించవలసింది లోపలి బ్యాటరీని. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు అయిన ఎస్పీ రోడ్డులో బ్యాటరీ మాత్రమే మార్పించుకోవచ్చు, కొత్త యూపీఎస్ కొననవసరం లేదు. అప్‌డేట్ వచ్చిన వారంలోనే ఇది జరిగిందని అప్‌డేట్ మీద నింద వేయకండి.

6. ఖాళీ డెస్క్‌టాప్ కనిపిస్తే

ఇది తాత్కాలిక ప్రొఫైల్. అప్లికేషన్ లాగ్‌లో 1511 దీనికి గుర్తు. అందులో ఉన్నంతసేపూ డెస్క్‌టాప్ మీద గాని డాక్యుమెంట్స్‌లో గాని ఏమీ దాచవద్దు. లాగౌట్ కాగానే అవి పోతాయి. సీ డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ తెరిచి, మీ పాత పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ఫైళ్లు క్షేమంగా ఉన్నాయో లేదో చూసి, వాటిని ముందు బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. ఆ తర్వాత రెండు మూడు సార్లు రీస్టార్ట్ చేస్తే కొన్నిసార్లు అసలు ప్రొఫైల్ తిరిగి వస్తుంది. రాకపోతే కొత్త ఖాతా సృష్టించి ఫైళ్లను అందులోకి తరలించడం, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) చేతులు పెట్టడం కన్నా సురక్షితమని నా అభిప్రాయం.

7. యాప్‌లు మాత్రమే లాగౌట్ అవుతుంటే

మొదట గడియారం చూడండి. డేట్ అండ్ టైమ్‌లో టైమ్ జోన్ యూటీసీ ప్లస్ 5:30గా ఉండాలి. సింక్ నౌ నొక్కండి. లాగిన్‌లు కాలపరిమితి మీద నడుస్తాయి కాబట్టి, గడియారం తప్పితే చెల్లుబాటయ్యే లాగిన్ కూడా గడువు తీరినట్టు కనిపిస్తుంది. యంత్రం ఆపి తెరిచిన ప్రతిసారీ సమయం వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది చిన్న గుండ్రటి బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు.

గడియారం సరిగ్గా ఉంటే, బ్రౌజర్ మూసినప్పుడు కుకీలు తుడిచే సెట్టింగ్ గాని, శుభ్రం చేసే ప్రోగ్రాం గాని ఉందేమో చూడండి. ఆఫీస్ యాప్‌లు పదే పదే అడుగుతుంటే, ఆ ఖాతాను యాప్ నుంచి తొలగించి, రీస్టార్ట్ చేసి, మళ్లీ జోడించండి.

8. పై మార్గాలతో తెమలకపోతే

ఇక్కడి నుంచి ఒక నియమం: ఒకసారికి ఒకే మార్పు, దాని తర్వాత కనీసం ఒక పనిదినం గమనింపు. మూడు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, తర్వాతి అప్‌డేట్‌కు మళ్లీ మొదటికే వస్తారు.

8.1 సిస్టమ్ ఫైళ్ల పరీక్ష. టెర్మినల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ముందు డిఐఎస్‌ఎం ఆదేశాన్ని ఆన్‌లైన్, క్లీనప్-ఇమేజ్, రిస్టోర్‌హెల్త్ అన్న మూడు స్విచ్‌లతో నడపండి (DISM /Online /Cleanup-Image /RestoreHealth). ఒక్కో స్విచ్‌కు ముందు ఖాళీ, స్లాష్ ఉండాలి. అది పూర్తయ్యాక ఎస్‌ఎఫ్‌సీ ఆదేశాన్ని స్కాన్‌నౌ స్విచ్‌తో నడపండి (sfc /scannow). ఈ వరుస తారుమారు చేయవద్దు: రెండోది పాడైన ఫైళ్లను మార్చడానికి వాడే మూలాన్నే మొదటిది బాగుచేస్తుంది. మధ్యలో శాతం కదలకుండా చాలాసేపు ఆగినట్టుంటుంది, కిటికీ మూసేయకండి.

8.2 కొత్త ఖాతా పరీక్ష. ఒక లోకల్ ఖాతా తెరిచి ఒక పూట అందులో పనిచేయండి. అక్కడ ఇబ్బంది రాకపోతే లోపం మీ ప్రొఫైల్‌లో ఉంది, విండోస్‌లో కాదు.

8.3 క్లీన్ బూట్ (బయటి ప్రోగ్రాముల సర్వీసులు ఆపి విండోస్ నడపడం). సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో సర్వీసెస్ పుటకు వెళ్లి, మైక్రోసాఫ్ట్ సర్వీసులను దాచే పెట్టెలో ముందుగా టిక్ పెట్టి, ఆ తర్వాతే మిగిలినవి ఆపండి. ఈ టిక్ మరిచిపోతే సైన్ ఇన్‌కే ఎసరు వస్తుంది. ఇబ్బంది ఆగితే, ఆపినవాటిలో సగం తిరిగి ఆన్ చేసి చూడండి. అలా సగం సగం చేసుకుంటూ పోతే దోషి దొరుకుతుంది.

8.4 అప్‌డేట్ తొలగింపు. అప్‌డేట్ హిస్టరీలో ఇబ్బంది మొదలైన తేదీన ఎక్కిన అప్‌డేట్ కేబీ సంఖ్య (ఆ అప్‌డేట్‌కు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన గుర్తింపు సంఖ్య) రాసుకొని, మైక్రోసాఫ్ట్ నడిపే విండోస్ రిలీజ్ హెల్త్ పేజీలో ఆ సంఖ్యకు తెలిసిన లోపాల జాబితా చదవండి. లోపం ఒప్పుకొని ఉంటే తాత్కాలిక మార్గం కూడా అక్కడే ఉండవచ్చు. లేకపోతే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్‌లో దాన్ని తొలగించి, అప్‌డేట్లను కొన్ని వారాలు పాజ్ చేయండి. భద్రతా రక్షణ కూడా దానితో పోతుంది గనుక దీన్ని శాశ్వతంగా వదిలేయకూడదు. పెద్ద వెర్షన్ మార్పు అయితే రికవరీలో గో బ్యాక్ మామూలుగా 10 రోజుల వరకే ఉంటుంది. ఆ గడువు గమనించి నిర్ణయం తీసుకోండి.

విండోస్ 10 వాడేవారికి ఒక మాట: దానికి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

మాక్‌లో. ప్రైవసీ అండ్ సెక్యూరిటీ పుట అడుగున అడ్వాన్స్‌డ్ నొక్కితే, కదలిక లేకపోతే లాగౌట్ చేసే స్విచ్ ఉంటుంది. అది ఆఫ్‌లో ఉన్నా లాగౌట్ అవుతుంటే, కన్సోల్ యాప్‌లో క్రాష్ రిపోర్టుల్లో విండోసర్వర్ (తెర మీది కిటికీలను గీసే మాక్ భాగం) పేరు వెతకండి. అది కూలితే సెషన్ మొత్తం పోతుంది. బయటి మానిటర్, డాక్ తీసేసి పరీక్షించండి.

ఉబుంటులో. పాస్‌వర్డ్ కొట్టగానే మళ్లీ లాగిన్ తెరకే వస్తుంటే, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి టెక్స్ట్ తెరలో లాగిన్ అయి, ముందు డిస్క్ నిండిందేమో చూడండి. తర్వాత హోమ్ ఫోల్డర్‌లోని ఎక్స్‌అథారిటీ ఫైల్ (.Xauthority) యజమాని మీరు కాక రూట్ (అడ్మినిస్ట్రేటర్ ఖాతా) అయిందేమో చూడండి. ఎన్విడియా కార్డు ఉంటే గ్రబ్ మెనూలో (యంత్రం మొదలయ్యేటప్పుడు వచ్చే జాబితా) పాత కెర్నల్ (ఉబుంటు మూల భాగం) ఎంచుకొని బూట్ చేయండి. అందులో బాగుంటే కొత్త కెర్నల్‌కు డ్రైవర్ సరిగ్గా కుదరలేదని తేలుతుంది.

9. ఐటీ డెస్క్‌కు టికెట్ ఎలా రాయాలి

"ల్యాప్‌టాప్ లాగౌట్ అవుతోంది" అని ఒక్క వాక్యం రాస్తే, రీస్టార్ట్ చేసి చూడండి అన్న జవాబు వస్తుంది, రెండు రోజులు గడుస్తాయి. ఈ కిందివన్నీ మొదటి టికెట్‌లోనే పెట్టండి.

• ఇబ్బంది మొదలైన తేదీ, దానికి ముందు ఎక్కిన అప్‌డేట్ కేబీ సంఖ్య.
• కనీసం మూడు సందర్భాల కచ్చిత సమయాలు.
• అది లాక్, లాగౌట్, రీస్టార్ట్‌లలో ఏది, ఏ ఈవెంట్ సంఖ్య ఆధారంగా అలా అంటున్నారు.
• ఆ సమయంలో వీపీఎన్ ఉందా, ఇంటి వైఫైలో ఉన్నారా, ఆఫీసులోనా, డాక్ మీదా.
• ఈవెంట్ వ్యూయర్‌లో సేవ్ ఫిల్టర్డ్ లాగ్ ఫైల్ యాజ్ నొక్కి భద్రపరిచిన ఫైల్.

ఆఫీస్ యాప్‌లే లాగౌట్ అవుతుంటే, టెర్మినల్‌లో డీఎస్‌రెగ్‌సీఎండీ ఆదేశాన్ని స్టేటస్ స్విచ్‌తో (dsregcmd /status) నడిపి వచ్చిన ఫలితం తెరపట్టు (స్క్రీన్‌షాట్) కూడా జతచేయండి. అందులో అజ్యూర్‌ఏడీ పీఆర్‌టీ (AzureAdPrt, కంపెనీ ఖాతా లాగిన్ టోకెన్ ఉందో లేదో చెప్పేది) అన్న వరుస ఎదుట నో అని ఉంటే, లోపం మీ బ్రౌజర్‌లో కాక కంపెనీ ఖాతాకూ యంత్రానికీ మధ్య ఉన్న నమోదులో ఉండే అవకాశం ఎక్కువ. ఆ వరుసను టికెట్‌లో ప్రత్యేకంగా ఎత్తిచూపితే, సరిచేయగల బృందానికి అది నేరుగా చేరుతుంది.